గుర్రం ఇంట్లో పడ్డ బంటు

మా పెద్దనాయన తాను నేసిన గుడ్డను తానే కత్తెరతో కోసిన రోజు సోమవారం. మద్రాసు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఆదివారం ఇంగ్లీషు పత్రిక అప్పుడే బస్సు దిగి, రీడింగు రూము బల్ల మీద పరిచి ఉంది. పత్రికల్లోంచి కావలసిన ముక్కలు కత్తిరించుకోవడానికి అక్కడొక పెద్ద కత్తెర ఉండేది. ఆయన దాన్ని తీసుకున్నాడు. భుజం మీది చదరంగం గుడ్డను బల్ల మీద పరిచి, గళ్ళ వెంబడి ఒక్కొక్క వరుసే కోశాడు. తొందరపడలేదు. అంచు దగ్గర నేత గట్టిగా ఉండి కత్తెర మొండికేసింది. ఆగి, పట్టు సరిచేసుకుని, మళ్ళీ కోశాడు. లోపల పదిమంది మగవాళ్ళున్నారు.

నేతపని ఇళ్ళలో, మగ్గం మీద నుంచి దించేటప్పుడు తప్ప, నేసినవాడు తన గుడ్డకు కత్తెర పెట్టడు. కోయడం కొనుక్కున్నవాళ్ళ పని. నేసిన చేయి కోస్తే ఆ ఇంట మగ్గం ఆగిపోతుందని మా పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఆ సంగతి అక్కడున్న వాళ్ళలో సగం మందికి తెలుసు. ఒక్కరూ లేచి చేయి పట్టుకోలేదు.

ఎనిమిది పేలికలైనాయి. వాటిని ఆ రూము అధ్యక్షుడైన ప్లీడరు ముందు వరుసగా పేర్చి, "సూసుకో సామీ, ఎనిమిది వరసలూ ఉండాయి. ఇంగ మీరే ఆడుకోండి" అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఒక పేలిక బల్ల మీద నుంచి జారి కింద పడింది. దాన్ని తీసి నా పావడా బొడ్డులో దోపుకుని ఆయన వెనక పరుగెత్తాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం పోయిన వారం పోస్టులో వచ్చిన ఒక పుస్తకం. మా ఊరి రీడింగు రూముకు సొంత భవనం వచ్చి, మేడ లేచి, ఉత్సవం చేసుకుంటూ ప్రత్యేక సంచిక వేశారు. అందులో నాలుగో పేజీలో ప్లీడరు ఫొటో. మెడచుట్టూ ఉత్తరీయం, చేతిలో పుస్తకం. మన ప్రాంతం నుంచి చదరంగ సమస్య రచించి మద్రాసు పత్రికలో అచ్చు వేయించుకున్న తొలి మేధావి అని కింద రాశారు. దాని పక్కన పాత కత్తిరింపు ఒకటి. తొమ్మిది పావుల బొమ్మ, దాని నెత్తిన ప్లీడరు పేరు.

కర్నూల్లో ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి ఇంట్లో కూర్చున్నదాన్ని. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో పడ్డ తప్పుకు సవరణ, లోపల ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో పడుతుంది. వార్తను కత్తిరించి దాచుకుంటారు. సవరణను దాచుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. సంచిక వాళ్ళు మొదటి కత్తిరింపు వేశారు. ఆ తర్వాత మూడో వారం వచ్చిన రెండో కత్తిరింపు వేయలేదు. అందులోనూ ప్లీడరు పేరు ఉంది. మా పెద్దనాయన పేరూ ఉంది. అది ఎట్లా ఉందో చెప్పడానికే కూర్చున్నాను. పుస్తకం వచ్చిన రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఈ వయసులో ఇంత కోపం ఒంటికి మంచిది కాదని మా డాక్టరు అంటాడు. డాక్టరుకు చదరంగం రాదు.

మాది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు దించి, నాపరాళ్ళు పరిచిన నేల మీద కూర్చుని నేయాలి. ఇంటినిండా పులిసిన గంజి వాసన. పడుగుకు పట్టించిన గంజి మా బట్టలకు, నా జడలకు, కడకు మేం తినే సంకటికి కూడా అంటుకునేది. బడిలో నా పక్కన కూర్చునే పెద్దరైతు కూతురు ముక్కు మూసుకునేది. అది వెళ్ళినప్పుడు దాని పలక మీద లెక్క తుడిచేసేదాన్ని. తప్పు లెక్క వేసిపెట్టిన రోజులూ ఉన్నాయి.

మా అమ్మ నన్ను కన్న ఏడే పోయింది. మా నాయన చీరల మూట నెత్తిన పెట్టుకుని మైదుకూరు, బద్వేలు సంతలకు తిరిగేవాడు. నన్ను పెంచింది మా నాయనకు అన్న అయిన పెద్దనాయన, పెద్దమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దనాయన తెలుగు బాగా చదివేవాడు. ఇంగ్లీషు రాదు. నేను ఫస్టుఫారంలో చేరి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాక, ఇంటికి వచ్చిన మందు సీసా మీద చీటీ కూడా నాచేత చదివించుకుని మురిసిపోయేవాడు.

చదరంగం ఆయనకు వాళ్ళ తాత నుంచి వచ్చింది. ఆడేది ఆయనే నేసుకున్న గుడ్డ మీద. నిలువు పోగుల పడుగులో ఒక పట్టీ నలుపు, ఒక పట్టీ తెలుపు, అడ్డపోగుల పేకలోనూ అట్లాగే. నలుపు మీద నలుపు పడిన చోట నల్లగడి, తెలుపు మీద తెలుపు పడిన చోట తెల్లగడి, రెండూ కలిసిన చోట బూడిదగడి. సరిగ్గా సగం గళ్ళు బూడిద రంగులో ఉండేవి. రీడింగు రూములో మొదటిసారి పరిచినప్పుడు ఒకాయన నవ్వాడు: "ఇదేందప్పా, మూడు రంగుల చదరంగం! జెండా నేసినావా?" పెద్దనాయన కూడా నవ్వి, "బూడిద గళ్ళన్నీ ఒగ జాతి సామీ, మిగతాయన్నీ ఒగ జాతి. మూలగా పోయే శకటుకు తెలుసు, మనకెందుకు?" అన్నాడు. పావులు నూలు చుట్టే కండెపుల్లలు విరిగితే వాటితో చెక్కినవి. బంట్లకు మాత్రం చింతగింజలు: కొన్ని నల్లగా వదిలేసి, కొన్ని రాతి మీద తెల్లగా అరగదీసినవి.

ఆదివారం పత్రికలో చదరంగం మూల ఒకటి ఉండేది. ఒక బొమ్మ, దాని కింద ఒక్క ముక్క: తెలుపు ఆడి రెండెత్తుల్లో ఆట కట్టాలి. లేదా, తెలుపు ఆడి గెలవాలి. జవాబు కార్డు మీద రాసి పంపితే, సరిగ్గా చెప్పినవాళ్ళ పేర్లు తర్వాత అచ్చు వేసేవాళ్ళు. ప్లీడరు మద్రాసులో చదువుకునేటప్పుడు ఈ పిచ్చి పట్టించుకుని వచ్చాడు. చుట్టుపక్కల భూములున్న కుటుంబం, మునసబు కోర్టులో పని, రీడింగు రూముకు అధ్యక్షుడు. మంచిమాటకారి. పెద్దనాయన చదరంగం బాగా ఆడతాడని టీ అంగడి సాయిబు చెప్పగా విని, ఒక సోమవారం కబురుపెట్టి పిలిపించి, బొమ్మ చూపించాడు. పెద్దనాయన నిలబడే చూసి, పావుగంటలో వేలుపెట్టి ఎత్తు చూపించాడు. అదీ మొదలు.

ఆ తర్వాత ప్రతి సోమవారం బడి వదలగానే నేను పలక పట్టుకుని రీడింగు రూముకు పోయేదాన్ని. ఆడపిల్లలు లోపలికి రాకూడదని ఎక్కడా రాసిలేదు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, అంతే. నేను పోయి బల్ల దగ్గర నిలబడి బొమ్మను పలక మీద దించుకునేదాన్ని. ఒకసారి పలక తీసుకుపోవడం మరిచిపోయి బొమ్మను పత్రికలోంచి చింపేశాను. చింపింది ఎవరని గగ్గోలు పుడితే, ఎదురంగడి సాయిబు వచ్చి, "నేనే చింపితి అయ్యా, బొరుగుల పొట్లానికి చిన్న కాగితం కావాల్సొచ్చె" అని తిట్లు తిన్నాడు. సాయంత్రం అంగడి ముందు పోతూంటే కేకేసి, "ఏం బేటీ, దొంగతనం చేస్తే పొట్లమైనా కొనుక్కోవల్ల గదా" అన్నాడు.

ఇంటికి వచ్చాక గుడ్డ పరిచి పావులు పెట్టడం నా పని. పెద్దనాయన మగ్గంలో, నేను మగ్గానికి అవతల, ఎదురుగా, రాట్నం ముందేసుకుని కండెలు చుడుతూ. ఆయన గళ్ళను తన పద్ధతిలో లెక్కపెట్టేవాడు. ఎడమనుంచి కుడికి పడుగు లెక్క, దగ్గరనుంచి దూరానికి పేక లెక్క. "పడుగు మూడు, పేక ఐదు" అంటే ఒక గడి. ఆయన ఎడమ నాకు కుడి. ప్రతి లెక్కనూ మనసులో తిప్పుకుని పెట్టాలి. మొదట్లో తప్పులు చేసేదాన్ని. తర్వాత అలవాటైంది, అనుకునేదాన్ని.

నేనెప్పుడూ నల్లరాజును. తప్పించుకోవడం నా వంతు, కట్టిపడేయడం ఆయన వంతు.

"యాడికి పోతాడు పాపా నీ రాజు?"

"ఈ మూలకు."

"ఆ మూలకు శకటు కాపు గాస్తాండాది."

"అయితే బంటును తింటాడు."

"తిననీ. తింటే ఏనుగు దావ తెరుసుకుంటాది. ఇంగ యాడికి?"

నేను వెతికేదాన్ని. ఒక్కోసారి ఆయన చూడని సందు దొరికేది. "ఇదో, ఈడ ఖాళీ ఇల్లుంది!" అని అరిస్తే ఆయన చేతుల్లో అటూ ఇటూ ఆడే నాడె ఆగిపోయేది. మగ్గం చప్పుడు ఆగిందంటే ఆయన ఓడిపోయాడని పెద్దమ్మకు వంటింట్లోనే తెలిసిపోయేది. "పొద్దున్నుంచి ఆ నల్లరాజు నెత్తిన కూచుండారు పెద్దా సిన్నా. వాని పెండ్లాము యాడ యేడుస్తాందో! రాండి, సంకటి సల్లారిపోతాది" అని కేకేసేది. పళ్ళెం ముందు కూర్చున్నాక కూడా ఊరుకునేవాళ్ళం కాదు. సంకటి ముద్ద రాజు, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి కోట. ఆయన వేలితో గీత గీసి, "ఇప్పుడు?" అనేవాడు. నేను ముద్ద తినేసి, "రాజు లేడు" అనేదాన్ని. మా ఇంట్లో నాకు తెలిసిన సంతోషం అదే. అంతకు మించినది తర్వాత కూడా చూడలేదు.

ఒకవారం బొమ్మలో తెల్లబంటు ఒకటి అవతలి అంచుకు ఒక్క అడుగు దూరంలో ఉంది, ఆట మొదట్లో గుర్రం నిలబడే ఇంటికి ఎదురుగా. రెండెత్తుల్లో కట్టాలి. రీడింగు రూములో అందరూ బంటును నడిపి మంత్రిని చేశారు. ప్లీడరూ అంతే. నల్లరాజు ఒక్క సందులోంచి జారిపోతున్నాడు. మూడు రోజులు కొట్టుకున్నారు. పెద్దనాయన చూసీ చూడగానే, "బంటు నడిపితే గుర్రమై షా చెప్తాది గదా. ఇంగ రాజుకు ఇల్లు యాడుంది?" అన్నాడు. అది సరైన జవాబు. ప్లీడరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మంత్రిని వదిలి గుర్రాన్ని చేసినావా! ఎంత తలకాయప్పా నీది!" అన్నాడు. ఊరంతా ఆ మాట తిరిగింది.

అప్పుడు మా ఇద్దరికీ తెలియని సంగతి ఒకటి ఇక్కడే చెప్పేయాలి. మా ఇళ్ళలో ఆడే ఆటలో బంటు అవతలి అంచు చేరితే, ఆ ఇల్లు ఏ పావుదో ఆ పావే అవుతుంది. ఏనుగు ఇంట్లో పడితే ఏనుగు, గుర్రం ఇంట్లో పడితే గుర్రం. ఇంకోటి కాలేదు. పత్రికలో ఆటకు ఆ కట్టుబాటు లేదు. ఏ ఇంట్లో పడినా కావలసిన పావును చేసుకోవచ్చు. పెద్దనాయన మంత్రిని వదులుకోలేదు. ఆయనకు మంత్రి అన్న దారే కనపడలేదు. మిగతా ఎత్తుల తేడాలన్నీ ప్లీడరు ఆయనకు చెప్పాడు, బంటు మొదట రెండిళ్ళు నడవచ్చని సహా. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన తెలియనితనాన్నే తెలివి అని పొగిడారు. ఆయన అడగాల్సిన ప్రశ్న ఆ పొగడ్తలో కొట్టుకుపోయింది.

ఆ వారం జవాబు చెప్పినవాళ్ళ జాబితాలో ప్లీడరు పేరు పడింది. నేను చదివి చెప్పాను. ప్లీడరు నవ్వుతూ, "కార్డు రూము తరఫున పోయింటాది. అధ్యక్షుని పేరు పడింది. పేరుదేముందప్పా!" అన్నాడు. పెద్దనాయన కూడా, "ఏముంది సామీ" అన్నాడు. మాకు అప్పుడే కోపం రావాల్సింది. రాలేదు. దానికి ఇప్పటికీ నామీద నాకే కోపం.

ఆ ఎండాకాలం ఆయన సొంతంగా ఒక బొమ్మ కట్టడం మొదలుపెట్టాడు. తెలుపువి ఐదు, నలుపువి నాలుగు. తెలుపు ఆడి గెలవాలి. మగ్గం మీద రెండు నెలలు కట్టాడు. కట్టి విప్పి, విప్పి కట్టి. చీర అంచుకు కొత్త పువ్వు కుదిర్చేటప్పుడు కూడా అంత సేపు పట్టేది కాదు. బంటు అంచు చేరి గుర్రమవుతుంది. పుట్టిన మరుసటి ఎత్తుకే ఆ గుర్రం వెళ్ళి చావుకు నిలబడుతుంది. దాన్ని తినక నల్లరాజుకు గత్యంతరం లేదు. తిన్నాక అతడు నిలబడిన చోటే అతనికి చెర. వెనకనుంచి రెండో బంటు నెమ్మదిగా నడుచుకుంటూ వస్తుంది. అతడు చూస్తూ ఉండాల్సిందే. నేను నల్లరాజునై వారం రోజులు తప్పించుకోవాలని చూశాను. దొరకలేదు. చివరికి నాకు ఏడుపొచ్చింది. ఆయన మగ్గంలోంచి లేచి వచ్చి నా నెత్తిన చేయిపెట్టి, "నువ్వు యేడిస్తివంటే అది సరిగ్గా కుదిరిందన్నట్టే పాపా" అన్నాడు.

ఆయన ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు. ఈసారి అడిగాడు. "సామీ, దీనికి మాత్రం నా పేరు పడాల. మా నాయన పేరు ఇంటిపేరు ముందర పెట్టి, ఊరి పేరుతో." ప్లీడరు, "అంతకంటేనా! పావులు యాడెక్కడ ఉండాయో పాపతో రాయించి ఇయ్యి. పైన ఉత్తరం నేను మంచి ఇంగ్లీషులో రాసి పంపుతా" అన్నాడు. నాకొక పెన్సిలు కూడా ఇచ్చాడు. పెద్దనాయన నేస్తూ చెప్పాడు, నేను అవతల కూర్చుని ఒక్కొక్క పావునూ ఇంగ్లీషు అక్షరం, అంకెలోకి మార్చి చీటీ మీద రాశాను. తొమ్మిది పావులు. రాసిన చీటీ ప్లీడరు చేతిలో పెట్టి వచ్చాను.

ఆ రాత్రి ఆయన తన పేరు ఇంగ్లీషులో ఎట్లుంటుందో రాసి చూపించమన్నాడు. చూపించాను. అక్షరాలు నేర్చుకోలేదు. అంచు పువ్వును గుర్తుపెట్టుకున్నట్టు ఆకారాన్ని గుర్తుపెట్టుకున్నాడు. మొదట గడప, మధ్యలో రెండు చక్రాలు, చివర కొడవలి. "ఇంగ నువ్వు సదివి సెప్పనక్కర్లే. పడిననాడు నేనే కనుక్కుంటా" అన్నాడు.

నాలుగు సోమవారాలు ఎదురుచూశాడు. ఐదోవారం బొమ్మ పడింది. ఆయన బొమ్మే. నెత్తిన ఉన్న పేరులో గడప లేదు, చక్రాలు లేవు. ఆయన బొమ్మ చుట్టూ నాలుగు వైపులా వెతికాడు. కింద, పక్కన, వెనక పేజీలో. "పాపా, యాడుంది?" అని అడిగాడు. ప్లీడరు పేరు ఆయనకు అప్పటికే గుర్తే.

ప్లీడరు ఆ వారమంతా కోర్టుపని మీద కడపలో ఉన్నాడన్నారు. రీడింగు రూములో వాళ్ళు ఆయనకు దండ తెప్పించారు. ఎవరు కట్టిన బొమ్మో ఆ దండ తెచ్చినవాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు. పెద్దమ్మ మాత్రం వీధిలో నిలబడి నోరు చేసుకుంది: "మా మగ్గం మింద గుడ్డ దొంగిలిస్తే పోలీసుకు సెప్తారే! తలకాయలోది దొంగిలిస్తే దండేస్తారా?" పెద్దనాయన ఆమెను లోపలికి లాక్కుపోయాడు.

బొమ్మ పడిన తర్వాత మూడోవారం. సాయిబు అంగడి ముందు మేం నిలబడి ఉండగా బస్సు వచ్చింది. పత్రిక బల్ల మీద పడిన వెంటనే పెద్దనాయన పోయి ఆ పేజీ తిప్పాడు. నేను బొమ్మ కోసం చూస్తున్నాను. ఆయన అక్షరాల్లో చూస్తున్నాడు. ఒక్కసారిగా నా భుజం పట్టుకున్నాడు. "పాపా! ఇదో! గడప, సక్రాలు, కొడవలి!" నిజమే. ఆయన పేరు. వాళ్ళ నాయన పేరు. మా ఊరు పేరు. మూడూ ఉన్నాయి. ఆయన గొంతు విని సాయిబు టీ గ్లాసులు వదిలేసి మెట్ల దాకా వచ్చాడు. "షాబాష్ అన్నా! ఈ పొద్దు అందరికీ చాయ నాది!" లోపలున్న పదిమందీ మూగారు. ప్లీడరు కూడా ఆ రోజు ఉన్నాడు, తన కుర్చీలో. "గట్టిగా సదువు పాపా" అన్నాడు పెద్దనాయన. చేతులు కట్టుకుని, బడిపిల్లవాడిలా నిలబడ్డాడు.

నేను చదువుతూ తెలుగులో చెబుతూ పోయాను. పోయిన బొమ్మలో తప్పుందని పత్రిక రాసింది. చాలామంది పాఠకులు రాశారట. బంటును గుర్రం చేయనక్కర్లేదు, మంత్రిని చేస్తే రెండెత్తుల్లో ఆట ముగుస్తుంది. పిల్లలైనా చూడగలరు. దాని కింద ప్లీడరు సంజాయిషీ ఉత్తరం వేశారు. ఆ బొమ్మ నిజానికి తనది కాదనీ, ఫలానా ఊరి ఫలానా నేతగాడిదనీ, అతడు ఆట నియమాలు తెలియనివాడనీ, ప్రోత్సహించాలన్న మంచి ఉద్దేశంతో తాను పంపాననీ. నేతగాడు అన్న మాటకు ముందు ఒక పొడుగాటి మాట ఉంది. నాకు రాలేదు. తల ఎత్తి ప్లీడరునే అడిగాను: "ఈ మాటకు అర్థమేంది సార్?"

ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న ఒకాయన గొంతు సవరించుకుని, "సదువు రానోడు అని పాపా" అన్నాడు.

నేను ఆ మాటను ఆయన పేరుకు కలపకుండా దాటేయగలిగేదాన్ని. వేరే మాటైనా కల్పించగలిగేదాన్ని. పలక మీద తప్పు లెక్కలు వేసినదాన్ని, ఆ ఒక్కసారి అబద్ధం చెప్పలేకపోయాను. చదువు రాని నేతగాడు అని, ఆయన పేరు కలిపి, మళ్ళీ మొత్తం చదివాను. గట్టిగా చదవమన్నాడు కదా.

పెద్దనాయన చేతులు విప్పలేదు. "సామీ, బంటు ఏ ఇంట్లో పడితే ఆ పావే గదా అయ్యేది?" అని అడిగాడు.

"పల్లె ఆటలో అట్లప్పా. అచ్చుపుస్తకంలో అట్ల గాదు."

"మీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు."

"పంపకముందు సెప్పలేదే?"

"నేను ఆడి చూల్లేదప్పా. నీ మింద నమ్మకంతో పంపితి."

"నా మింద నమ్మకంతో పంపినోనివి నా పేరుతో పంపాల గదా సామీ."

ప్లీడరు, "పేరు ఇప్పుడు పడింది గదప్పా" అన్నాడు. అప్పుడు పెద్దనాయన బల్ల మీది కత్తెర తీసుకున్నాడు.

ప్లీడరు అన్న ఆ మాట నేను వృత్తిలో ఉన్నన్నాళ్ళూ మరిచిపోలేదు. మెప్పు వచ్చినప్పుడు తమది, తప్పు బయటపడినప్పుడు కిందివాడిది. ఎన్ని ఊళ్ళ నుంచి, ఎన్ని ప్రకటనల్లో ఆ ఒక్క ఉత్తరాన్నే మళ్ళీ మళ్ళీ చదివానో! ఆడి చూడలేదట. రెండు నెలలు ఒక మనిషి ప్రాణం పెట్టి కట్టిన దాన్ని పావుగంట పావులు పెట్టి చూడలేదు. చూసి ఉంటే ఆయనకు తప్పు కనపడేది. చెప్పి ఉంటే పెద్దనాయన సరిచేసేవాడు. దొంగతనానికైనా కొంత శ్రద్ధ ఉండాలి.

మగ్గం ఆగలేదు. పెద్దవాళ్ళ మాట తప్పయింది. చదరంగం మాత్రం ఆగిపోయింది. చింతగింజలను పెద్దమ్మ తిరగలిలో పోసి పిండి చేసేసింది. సోమవారాలు మామూలు రోజులైపోయాయి. నేను కండెలు చుడుతుంటే ఆయన నేసేవాడు, ఇద్దరి మధ్య ఖాళీ నేల.

ఆరేడు నెలలైన తర్వాత, చలికాలంలో ఒక మధ్యాహ్నం, నాడె ఉన్నట్టుండి ఆగింది. నేను తల ఎత్తాను.

"ఒగ నల్లబంటు సాలు పాపా" అన్నాడు.

"ఏంది పెద్దనాయనా?"

"ఒగే ఒగ నల్లబంటు అదనంగా పెడితే సాలు. మంత్రిని సేసినోడు సెడతాడు. గుర్రాన్ని సేసినోడే గెలుస్తాడు. ఇప్పుడు వాళ్ళ పుస్తకం ప్రకారం గూడ తప్పు లేదు."

"యాడ పెట్టాల?"

ఆయన పేక దారాన్ని వేలితో సవరించాడు. "ఆయప్ప వచ్చి అడగనీ. అడిగితే సెప్తా."

మర్నాడు బడి ఎగ్గొట్టి మునసబు కోర్టు వరండాకు పోయాను. ప్లీడరు నల్లకోటు వేసుకుని కక్షిదార్ల మధ్య నిలబడి ఉన్నాడు. "మా పెద్దనాయన సరిచేసినాడు సార్. ఒగ బంటుతో. మీరొచ్చి అడిగితే సెప్తాడంట" అన్నాను. ఆయన నా తల నిమిరాడు. ఆ చేయి బరువు ఇప్పటికీ గుర్తుంది. "ఇంగ వదిలేయ్ పాపా. పత్రికోళ్ళు ఎప్పుడో మర్చిపోయినారు" అని లోపలికి పోయాడు.

ఎవరూ అడగలేదు. నేను చాలాసార్లు అడిగాను. నవ్వేవాడు. "నీది నల్లరాజు పక్షం. నీకు సెప్పకూడదు" అనేవాడు. నేను కాలేజీ చదువుకు కర్నూలు వచ్చిన రెండో ఏడు ఆయన పోయాడు. మగ్గంలో కూర్చునే.

సంచిక వచ్చాక మా ఎదురింట్లో ఇంజనీరింగు చదివే అమ్మాయిని పిలిచి, ఆ తొమ్మిది పావుల బొమ్మ ఆమె కంప్యూటరులో పెట్టించాను. ఒక నల్లబంటు అదనంగా, నిలబడగలిగిన ప్రతి ఇంట్లోనూ ఒక్కొక్కసారి పెట్టి చూడమన్నాను. ఆమె ఒక సాయంత్రమంతా కూర్చుని చూసింది. ఏ ఇంట్లోనూ కుదరలేదు. మంత్రిని చేసినవాడు ఎక్కడ పెట్టినా గెలుస్తున్నాడు.

అయితే పెద్దనాయన పొరబడి ఉండాలి. లేదా పత్రికకు నకలు రాసేటప్పుడు ప్లీడరు ఒక పావును పక్క ఇంట్లో పెట్టి ఉండాలి. లేదా మగ్గానికి అవతల కూర్చుని, ఆయన ఎడమను నా కుడిగా తిప్పుకుంటూ రాసిన తొమ్మిదింటిలో ఒకదాన్ని నేను తిప్పడం మరిచిపోయి ఉండాలి. నా దగ్గర మిగిలింది ఒక పేలిక: నలుపు, బూడిద, నలుపు, బూడిద, ఎనిమిది గళ్ళు. ప్లీడరుకు ఇచ్చిన ఆ చీటీకి నేను రెండో ప్రతి రాసుకోలేదు.